అప్పుల నాడి తెలిసిన డాక్టరు

1923 ఏప్రిల్‌లో అలయన్స్ బ్యాంక్ ఆఫ్ సిమ్లా చేతులెత్తేసింది. యాభై ఏళ్లకు దగ్గరపడిన బ్యాంకు అది. లండన్‌లోని బౌల్టన్ బ్రదర్స్ అనే సంస్థకు ఇచ్చిన భారీ అప్పులు తిరిగి రాక మునిగిపోయింది. డిపాజిట్‌దార్లు లబోదిబోమన్నారు. బ్యాంకు అంటేనే జనం భయపడుతున్న ఆ ఏడాదే, నవంబరులో, బందరులో ఒక డాక్టరు కొత్త బ్యాంకు తెరిచారు. ఆయనే భోగరాజు పట్టాభి సీతారామయ్య. ఆ బ్యాంకు ఆంధ్రా బ్యాంకు.

బళ్లారి, బరంపురం, చెన్నై, ముంబై... తెలుగువాళ్లు స్థిరపడిన ఊళ్లలో 2020 దాకా ఆ బోర్డు కనిపించేది. పట్టాభిని కాంగ్రెస్ నాయకుడిగానే ఎక్కువమంది ఎరుగుదురు. అప్పు ఎవరికివ్వాలి, ఎంత గడువుకివ్వాలి అన్నదే బ్యాంకు లాభనష్టాలను తేలుస్తుంది. ఆ లెక్క ఆయన జీవితం పొడుగునా కనిపిస్తుంది.

మద్రాసులో చదువు

పట్టాభి 1880 నవంబరు 24న గుండుగొలనులో పుట్టారు. ఇప్పుడది ఏలూరు జిల్లా. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో బి.ఏ. చదివారు. తర్వాత మద్రాసులోనే వైద్యం చదివి ఎం.బి.సి.ఎం. పట్టా పుచ్చుకుని బందరులో ప్రాక్టీసు పెట్టారు.

ఆ రోజుల్లోనే మద్రాసును ఓ పిడుగు తాకింది. 1906 అక్టోబరు 22న అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసింది. పేరుకి వ్యాపార సంస్థ అయినా బ్యాంకులాగా డిపాజిట్లు తీసుకునేది. తెల్లదొరల కంపెనీ, పైగా మంచి వడ్డీ. ఉద్యోగులు, పెన్షనర్లు, వితంతువులు ఉన్నదంతా తెచ్చి అందులో పోశారు. లండన్‌లోని భాగస్వామి ఆ సొమ్ము పెట్టి జూదంలాంటి వ్యాపారాలు చేశాడు. ఆఖరికి మిగిలింది శూన్యం. కంపెనీ పెద్ద సర్ జార్జ్ అర్బత్‌నాట్ జైలుకెళ్లాడు గానీ జనం డబ్బు మాత్రం తిరిగి రాలేదు. ఆ దెబ్బ నుంచే వి.కృష్ణస్వామి అయ్యర్ పూనికతో 1907లో మద్రాసులో ఇండియన్ బ్యాంకు పుట్టింది. మనవాళ్ల డబ్బు మనవాళ్ల అజమాయిషీలోనే ఉండాలన్న పట్టుదల దక్షిణాదిన పెరిగింది.

మందుల పెట్టె మూసేసి...

పట్టాభి 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావుతో కలిసి బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకుకు శ్రీకారం చుట్టారు. 1916లో బాగా సాగుతున్న ప్రాక్టీసు వదిలేసి పూర్తిగా దేశం పనిలో దిగారు.

డెల్టా రైతుకు పంట చేతికొచ్చేదాకా డబ్బు ఉండదు. విత్తనానికి, కూలికి షావుకారు గుమ్మం తొక్కాలి. వడ్డీ నడ్డి విరిచేది. ఆ రైతుకు సరసమైన వడ్డీకి అప్పు పుట్టాలి, అదే సమయంలో ఇచ్చిన సంస్థ నిలబడాలి. ఈ రెండూ కలిసిరావడమే కష్టం.

లక్ష రూపాయల మూలధనం

1923 నవంబరు 20న ఆంధ్రా బ్యాంకు రిజిస్టరైంది. 28న బందరులో పని మొదలెట్టింది. అధీకృత మూలధనం 10 లక్షలు, చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు.

ఆ లక్షకు అర్థమేంటో చూద్దాం. లెక్క కోసం, బ్యాంకు డిపాజిట్టుకు నూటికి 6 రూపాయలు వడ్డీ ఇచ్చి, అప్పుకు 9 రూపాయలు తీసుకుంటుందనుకోండి. మిగిలేది 3 రూపాయలు. జీతాలు, అద్దె, ఖర్చులకు 2 పోతే చేతికొచ్చేది 1 రూపాయే. అంటే వంద రూపాయల అప్పు ఒక్కటి పూర్తిగా మునిగితే, సక్రమంగా కట్టిన మరో వంద అప్పుల మీద వచ్చిన లాభమంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఇక మూలధనం లక్ష ఉన్న బ్యాంకు 10 లక్షలు అప్పులిస్తే, అందులో పదో వంతు మునిగితే చాలు, మూలధనమే ఖాళీ. ఆ పైన పోయేది డిపాజిట్‌దారు సొమ్మే.

అలాగని భయపడి అప్పులే ఇవ్వకపోతే డిపాజిట్‌కు వడ్డీ ఎక్కణ్నుంచి తెస్తారు? అప్పు ఇవ్వక తప్పదు. ఆచి తూచి ఇవ్వకా తప్పదు.

ఏ అప్పుకు ఆ సంస్థ

ఇక్కడే పట్టాభి సంస్థల వరుస గమనించాలి. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ, 1927లో కృష్ణా జిల్లాలోనే రైతుల కోసం భూమి తనఖా బ్యాంకు, 1929లో భారత లక్ష్మీ బ్యాంకు, 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్స్ కంపెనీ. ఒక్క బ్యాంకు చాలదా అనిపిస్తుంది. చాలదు.

వ్యాపారికి సరుకు మీద ఇచ్చిన అప్పు మూడు, నాలుగు నెలల్లో తిరిగొస్తుంది. రైతు పొలం కొనుక్కోవడానికో, పాత బాకీలు తీర్చుకోవడానికో తీసుకున్న అప్పు తీరడానికి పదేళ్లూ పట్టొచ్చు. మామూలు బ్యాంకులో డిపాజిట్‌దారు ఎప్పుడైనా వచ్చి తన డబ్బు అడగొచ్చు. ఆ సొమ్మును పదేళ్ల అప్పులో ఇరికిస్తే, భూమి ఎంత విలువైనదైనా ఆ పూట కౌంటర్లో ఇవ్వడానికి నోటు ఉండదు. పొడుగు అప్పుకు తనఖా బ్యాంకు, పొట్టి అప్పుకు వాణిజ్య బ్యాంకు, ప్రాణానికి బీమా. ఏ గాటన కట్టాల్సింది ఆ గాటనే కట్టాలన్నమాట.

ఈ జాగ్రత్తకు పరీక్ష త్వరలోనే వచ్చింది. 1929 తర్వాతి మాంద్యంలో వడ్ల ధర పడిపోయింది. తనఖా పెట్టిన భూమి విలువా దిగిపోయింది. 1938 జూన్‌లో ట్రావన్‌కోర్ నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు మూతపడటంతో దక్షిణాది బ్యాంకుల ముందు జనం క్యూ కట్టారు. ఎన్నో చిన్న బ్యాంకులు ఆ దశాబ్దాల్లో కొట్టుకుపోయాయి. ఆంధ్రా బ్యాంకు నిలబడింది.

ఓటమి, గెలుపు, సరిహద్దు

1939లో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి సుభాష్ చంద్రబోస్ మీద పోటీ చేసి 1,580కి 1,377 ఓట్లతో ఓడిపోయారు పట్టాభి. ఆ ఓటమిని గాంధీ తన ఓటమిగానే భావించారు. 1942 ఉద్యమంలో అహ్మద్‌నగర్ కోటలో బందీగా ఉన్నారు. 1948లో పురుషోత్తమదాస్ టాండన్‌పై గెలిచి కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు.

సరిహద్దు తెలుగువాళ్లకు మాత్రం ఆయన పేరు మరో విధంగా గుర్తు. జవహర్‌లాల్, వల్లభ్‌భాయ్, పట్టాభి ముగ్గురి కమిటీ (జేవీపీ) 1949లో ఇచ్చిన నివేదిక, మద్రాసు నగరం మీద ఆశ వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రాన్ని పరిశీలించవచ్చని తేల్చింది. మద్రాసు మనదేనని పోరాడినవాళ్లకు అది మింగుడు పడలేదు.

1952 నుంచి 1957 దాకా మధ్యప్రదేశ్ గవర్నరుగా చేసి, 1959 డిసెంబరు 17న పట్టాభి కన్నుమూశారు. మరుసటి ఏడాదే కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు కూలింది. ఆ తర్వాతే 1962లో డిపాజిట్‌దారుకు 1,500 రూపాయల దాకా బీమా వచ్చింది. ఇప్పుడది 5 లక్షలు.

ఆయన తర్వాత

1964లో భారత లక్ష్మీ బ్యాంకు ఆంధ్రా బ్యాంకులో కలిసింది. 1980 ఏప్రిల్ 15న ఆంధ్రా బ్యాంకు జాతీయమైంది. హైదరాబాద్ సైఫాబాద్‌లోని ప్రధాన కార్యాలయానికి పట్టాభి పేరే పెట్టారు.

ఒకప్పుడు వసూలు కాని అప్పు మీద కూడా వడ్డీని ఆదాయంగా రాసుకుని బ్యాంకులు లాభం చూపించేవి. మన మైదవోలు నరసింహం నేతృత్వంలోని కమిటీ 1991లో ఇచ్చిన సిఫార్సులతో ఆ పద్ధతికి తెరపడింది. వసూలు కాని అప్పును మొండి బాకీగా చూపాలి, దానికోసం లాభంలోంచి కొంత సొమ్ము పక్కన పెట్టాలి. 2015లో రిజర్వు బ్యాంకు ఈ లెక్కలను మరింత గట్టిగా తవ్వింది. దేశంలోని ప్రభుత్వ బ్యాంకులన్నిటి కింద నుంచీ పాత అప్పులు బయటపడ్డాయి. 2017-18లో ఆంధ్రా బ్యాంకు స్థూల మొండి బాకీలు 17 శాతానికి చేరాయి. ఆ ఏడాది నష్టం సుమారు 3,400 కోట్లు. బందరు బ్యాంకు లక్షతో మొదలైనప్పటి లెక్కే ఇది, అంకెలు మాత్రం పెరిగాయి.

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైంది. బోర్డులు మారాయి. ఖాతాదారు సొమ్ము భద్రంగానే కొత్త బ్యాంకుకు మారింది. అర్బత్‌నాట్ గుమ్మం ముందు ఏడ్చినవాళ్లకు ఆ భాగ్యం దక్కలేదు. దాచుకున్నవాడి డబ్బు దాచుకున్నవాడికి దక్కాలన్నదే పట్టాభి తరం బ్యాంకులు పెట్టడానికి కారణం.