మూడుసార్లు తలుపు తట్టిన రాత్రి

పిల్లలూ! అమ్మకో నాన్నకో బదిలీ ఆర్డరు వచ్చినప్పుడల్లా మనం ఊరు మారతాం. కొన్ని ఊళ్లు వదలలేక ఏడుస్తాం. కొన్ని ఊళ్ల నుంచి ఎప్పుడు బయటపడతామా అని రోజులు లెక్కపెడతాం. అలా రోజులు లెక్కపెట్టిన ఒక అమ్మాయి కథ ఇది.

ఐడా స్కడ్డర్ 1870 డిసెంబరు 9న రాణిపేటలో పుట్టింది. ఆమె తాత, తండ్రి ఇద్దరూ అమెరికా నుంచి వచ్చిన మిషనరీ డాక్టర్లు. చిన్నప్పుడే ఇక్కడి కరవును, ఆకలితో చనిపోయిన పిల్లలను చూసింది. అందుకే అమెరికాలో చదువుకుని అక్కడే ఉండిపోవాలనుకుంది. తల్లికి జబ్బు చేయడంతో, కొన్నాళ్లు తోడుండి వెళ్లిపోదామని తిండివనం వచ్చింది.

ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తలుపు తట్టారు. వారిలో ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం, ఇంకొకరు మరో హిందూ కుటుంబీకుడు. ముగ్గురి ఇళ్లలోనూ భార్య కాన్పు కష్టమై ప్రాణాల మీదికి వచ్చింది. నాన్నగారిని పంపుతానని ఐడా చెప్పింది. పరాయి మగవాడు ఆడవాళ్లను చూడటం తమ ఆచారం కాదని ముగ్గురూ ఒప్పుకోలేదు. వారికి కావలసింది ఐడా. ఆమెకేమో వైద్యం రాదు.

బిడ్డ అడ్డం తిరిగినా, రక్తస్రావం ఆగకపోయినా ఆ రోజుల్లో మంత్రసాని చేయగలిగింది చాలా తక్కువ. తెల్లవారేసరికి చావు డప్పు వినిపించింది. ముగ్గురు తల్లులూ చనిపోయారు. పక్కగదిలో డాక్టరు ఉన్నాడు, వైద్యం ఉంది. వాళ్ల దాకా చేరలేదంతే.

ఆ ఉదయమే ఐడా తాను డాక్టరు కావాలని నిర్ణయించుకుంది. 1899లో కార్నెల్ వైద్య కళాశాలలో పట్టా పుచ్చుకుని, మరుసటి ఏడాది వేలూరు వచ్చారు. మొదట ఇంట్లోని చిన్న గదిలోనే రోగులను చూశారు. న్యూయార్కులో ఒక బ్యాంకరు తన భార్య జ్ఞాపకార్థం ఇచ్చిన 10,000 డాలర్లతో 1902లో 40 పడకల ఆసుపత్రి తెరిచారు. ఆసుపత్రికి రాలేని పల్లెవాసుల కోసం దారి పక్క చెట్ల నీడనే వైద్యం చేశారు.

అయినా ఒక్క డాక్టరు ఎన్ని గడపలు తొక్కగలదు? అందుకే 1909లో నర్సుల శిక్షణ, 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల మొదలుపెట్టారు. ఆడపిల్లలు ఆ చదువులో నెగ్గలేరని చాలామంది అనుకున్నారు. మొదటి జట్టులో చివరి పరీక్ష రాసిన 14 మందీ ఉత్తీర్ణులయ్యారు. 1947 నుంచి అక్కడ మగపిల్లలనూ చేర్చుకున్నారు.

అదే నేటి వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ. మన చిత్తూరు, తిరుపతి వైపు నుంచి ఇప్పటికీ ఎందరో అక్కడికి వైద్యానికి వెళ్తారు. మీలో కొందరి అమ్మమ్మలూ వెళ్లే ఉంటారు, అడిగి చూడండి.

కొన్నాళ్లుండి పోదామని వచ్చిన ఐడా 1960 మేలో కొడైకెనాల్‌లో కన్నుమూశారు. మీరు ఇప్పుడున్న ఊళ్లోనూ ఎవరో ఒకరు తలుపు తడుతూ ఉండవచ్చు. పెట్టెలు సర్దుకునేలోగా ఒకసారి చెవి ఒగ్గి వినండి.