జాన్ షా బిల్లింగ్స్

జాన్ షా బిల్లింగ్స్ (ఏప్రిల్ 12, 1838 - మార్చి 11, 1913) అమెరికాకు చెందిన సైనిక వైద్యుడు, గ్రంథాలయ నిర్మాత. వైద్య పత్రికలలోని వ్యాసాలకు విషయసూచిక తయారుచేయించిన వ్యక్తిగా ప్రసిద్ధుడు. కంప్యూటర్లతో వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే నేటి టెక్స్ట్ మైనింగ్‌కు పూర్వరంగం ఈ సూచికలోనే కనబడుతుంది.

జననం, విద్యాభ్యాసం

ఈయన ఇండియానా రాష్ట్రంలో జన్మించాడు. 1860లో సిన్సినాటిలోని ఒహాయో వైద్య కళాశాల నుండి పట్టా పొందాడు. పట్టా కొరకు మూర్ఛవ్యాధికి శస్త్రచికిత్స అనే అంశాన్ని ఎన్నుకొని, ఆ చికిత్స వలన ఎందరికి గుణమిచ్చిందో, ఎందరు మరణించారో లెక్క తేల్చబూనాడు. సమాచారం లేకపోలేదు. అయితే అది వేల సంపుటాలలో చెదరి ఉన్నది. సుమారు ఆరు నెలలు వెదికి, ఫిలడెల్ఫియా, న్యూయార్కు నగరాలకు లేఖలు వ్రాసినా కావలసినదంతా లభించలేదు. దేశంలో సమగ్రమైన వైద్య గ్రంథాలయం ఒక్కటీ లేదని అప్పుడే గ్రహించాడు. ఈయన తరువాతి కృషికంతటికీ మూలం ఈ ఒక్క అనుభవమే అనవచ్చును.

సూచికల నిర్మాణం

అంతర్యుద్ధంలో శస్త్రవైద్యునిగా పనిచేసిన పిమ్మట, 1865లో వాషింగ్టన్‌లోని సర్జన్ జనరల్ కార్యాలయ గ్రంథాలయ బాధ్యత స్వీకరించాడు. నాడు అందులో సుమారు 2,300 సంపుటాలు ఉండేవి. 1895లో పదవి వీడేనాటికి అవి లక్ష దాటాయి. లింకన్ హత్యకు గురైన ఫోర్డ్స్ థియేటర్ భవనంలోనే ఈ గ్రంథాలయం 1887 వరకు ఉండేది.

పుస్తకాలు చేర్చడం కంటె కష్టమైనది వాటిలోని విషయాన్ని వెదికి పట్టడం. బిల్లింగ్స్ రాత్రులు ఇంటివద్ద పత్రికలు చూసి, సూచికకెక్కవలసిన వ్యాసాలకు పెన్సిలుతో గుర్తు పెట్టేవాడు. గుమాస్తాలు వాటిని కార్డులపైకి ఎక్కించేవారు. రాబర్ట్ ఫ్లెచర్ సహకారంతో 1879లో ఇండెక్స్ మెడికస్ మాసపత్రిక వెలువడింది. 1880 నుండి 1895 వరకు ఇండెక్స్-కేటలాగ్ తొలి శ్రేణి 16 సంపుటాలుగా ముద్రితమైనది.

ఇతర సేవలు

జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి నిర్మాణ ప్రణాళిక ఈయనదే. జనాభా లెక్కలను యంత్రంతో క్రోడీకరించవచ్చునని హెర్మన్ హోలరిత్‌కు సూచించినది కూడా ఈయనే. హోలరిత్ రంధ్రాల కార్డుల యంత్రం 1890 జనగణనలో వినియోగమైనది. 1896 నుండి మరణించేవరకు న్యూయార్కు పబ్లిక్ లైబ్రరీ సంచాలకునిగా ఉన్నాడు.

అనంతర పరిణామాలు

ఇండెక్స్ మెడికస్ తయారీ 1964లో కంప్యూటరుకు మారింది. 1971లో మెడ్‌లైన్, 1996లో పబ్‌మెడ్ వచ్చాయి. ముద్రిత సూచిక 2004లో నిలిచిపోయింది. 1986లో చికాగో విశ్వవిద్యాలయ ఆచార్యుడు డాన్ స్వాన్సన్ రెండు వేర్వేరు వ్యాస సముదాయాలను కలిపి పరిశీలించాడు. చేపనూనె రక్తపు చిక్కదనాన్ని తగ్గిస్తుందని ఒక సముదాయం తెలిపింది. చలికి వ్రేళ్ళు పాలిపోయే రేనాడ్ వ్యాధిలో ఆ చిక్కదనం హెచ్చుగా ఉంటుందని మరొకటి తెలిపింది. ఒకదానినొకటి ఉదహరించని ఈ వ్యాసాల నుండి, చేపనూనె ఆ రోగులకు ఉపకరించవచ్చునని ఊహించాడు. పిమ్మట ఇటువంటి అన్వేషణకై నీల్ స్మాల్‌హైజర్‌తో కలిసి ఏరోస్మిత్ అనే సాఫ్ట్‌వేర్‌ను రూపొందించాడు.