శాంతిప్రియుడు రాధాకృష్ణన్

నెల్లూరు నగరమునకు దక్షిణమున, సముద్రతీర ప్రాంతమున, సర్వేపల్లి అను గ్రామము కలదు. ఆ గ్రామనామము ఇంటిపేరుగా లోకప్రసిద్ధి గాంచిన మహనీయుడు డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన పూర్వికులు ఆ ఊరివారు. ఆయన 1888వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన తిరుత్తణిలో పేదకుటుంబమున జన్మించెను. విద్యార్థివేతనములతో చదివి, తత్త్వశాస్త్రాచార్యుడై, 1931 మొదలు 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా నుండెను.

1949లో భారత ప్రభుత్వము ఆయనను సోవియట్ దేశమునకు రాయబారిగా నియమించెను. ఆ సంవత్సరము ఆగష్టు 29వ తేదీననే సోవియట్ దేశము తన తొలి అణుబాంబును పరీక్షించెను. అంతకుముందే అమెరికాకు అట్టి ఆయుధము కలదు. భారతదేశమునకు స్వాతంత్ర్యము వచ్చి అప్పటికి రెండేండ్లే. దానికి అణ్వాయుధములు లేవు. ఏ పక్షమునను చేరక, ఇరుపక్షములతోను స్నేహముగా మాటలాడుటయే దాని మార్గము. కళింగ విజయానంతరము అశోకుడు యుద్ధమును విడిచిన కథను రాధాకృష్ణన్ స్టాలినునకు వినిపించెనని ప్రసిద్ధి.

1952లో ఆయన ఉపరాష్ట్రపతి యయ్యెను. 1954 మార్చి 1వ తేదీన అమెరికా పసిఫిక్ సముద్రమునందలి బికినీ దీవిలో హైడ్రోజన్ బాంబును పరీక్షించెను. నిషిద్ధప్రాంతమునకు వెలుపలనున్న ఒక జపాను పడవపై విషధూళి రాలెను. అందున్న 23 మంది జాలరులు రోగపీడితులైరి. ఒకరు ఆ సెప్టెంబరులో మరణించిరి. నెల్లూరు తీరమున వలవేయు జాలరులవలె వారును పొట్టకూటికై కడలి కేగినవారే. ఏప్రిల్ 2వ తేదీన ప్రధానమంత్రి నెహ్రూ అణుపరీక్షలను నిలుపవలెనని లోక్‌సభలో కోరెను. బాంబులేని దేశము బాంబులున్న దేశములకు చెప్పిన హితవది.

అయినను పోటీ ఆగలేదు. 1961 అక్టోబరులో ఫ్రాంక్‌ఫర్టు నగరమున జర్మను పుస్తక ప్రచురణకర్తలు, విక్రేతలు రాధాకృష్ణన్‌కు శాంతి బహుమానము నొసగిరి. ఆ నెలలోనే సోవియట్ దేశము 5 కోట్ల టన్నుల టి.ఎన్.టి. శక్తిగల బాంబును ప్రేల్చెను.

1962లో ఆయన రాష్ట్రపతి యయ్యెను. మరుసటి యేడు ఆగష్టు 5వ తేదీన అమెరికా, బ్రిటన్, సోవియట్ దేశములు మాస్కోలో ఒక ఒడంబడిక చేసికొనెను. గాలిలోను, నీటిలోను, అంతరిక్షములోను అణుపరీక్షలు జరుపరాదని దాని నియమము. మూడు దినములకే భారతదేశము దానిపై సంతకము చేసెను. 1964లో పొరుగుననున్న చైనా బాంబును ప్రేల్చగా, మనమును చేయవలెనని పలువురు పట్టుపట్టిరి. ఆయన 1967లో పదవి వీడువరకు భారతదేశము అణుపరీక్ష జరుపలేదు.

1974 మే 18వ తేదీన భారతదేశము పోఖ్రాన్‌లో భూగర్భమున తన తొలి పరీక్ష జరిపెను. మరుసటి సంవత్సరము ఏప్రిల్ 17వ తేదీన రాధాకృష్ణన్ పరమపదించెను. ఆయన జన్మదినమును మనము ఉపాధ్యాయ దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. బలము లేనప్పుడు ఇతరులకు చెప్పిన ధర్మమును బలము కలిగినపిదప తానును పాటించుట మిక్కిలి కష్టము. ఆ దినమున విద్యార్థులు ఈ విషయమును తలచుకొనుట ఆయనకు తగిన నివాళి.