కొండే మైదానం... చేతులే కార్ఖానా!

రావులపాలెంలో మంచు పడదు. మీకు తెలిసిన ఎత్తంటే గౌతమి వంతెన, ఏటిగట్టు... అంతే. కొబ్బరి మట్ట మీద కూర్చుని గట్టు వాలున జారిన అనుభవం మాత్రం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. ఫోన్‌లో స్కీయింగ్ వీడియోలు చూసే ఉంటారు. ఎవరూ చదును చేయని కొండ మీద, బండల పైనుంచి దూకుతూ, చెట్ల మధ్య మెలికలు తిరుగుతూ కిందికి దిగుతుంటారే, అవి! ఆ ఆటకు మూలపురుషుడు కోచ్ లేని, డబ్బు లేని ఓ పల్లెటూరి మనిషి. పేరు సోండ్రే నూర్‌హైమ్.

పేదింటి బిడ్డ

1825లో నార్వేలోని టెలిమార్క్ ప్రాంతం, మోర్గెడాల్ అనే కొండపల్లెలో పుట్టారాయన. సొంత భూమి లేదు. మన దగ్గరి పాలేర్లలా, కౌలుదార్లలా భూస్వామి చెక్కలో చిన్న ఇల్లు వేసుకుని, బదులుగా పనిచేసే కుటుంబం వాళ్లది. శీతకాలం అక్కడ మంచే దారి. స్కీలు అంటే కాళ్లకు కట్టుకునే పొడవాటి చెక్కలు. పక్క ఊరు వెళ్లాలన్నా, వేటకు పోవాలన్నా అవే దిక్కు. అందరికీ అవి ప్రయాణ సాధనం. సోండ్రేకు మాత్రం ఆటవస్తువు. కొండవాలు, బండరాయి, ఇంటి కప్పు... ఏది కనిపించినా అక్కడినుంచి దూకడమే!

సమస్య ఎక్కడుందో చూశారు

అప్పట్లో స్కీని కాలివేళ్ల దగ్గర ఒక్క పట్టీతో బిగించేవారు. మడమ వదులుగా ఉండేది. గాల్లోకి లేస్తే చెక్క ఊడిపోయేది. మనమైతే ఇది కుదిరే పని కాదని వదిలేసేవాళ్లమేమో! ఆయన చెట్టు వేళ్లను మెలితిప్పి, మడమ చుట్టూ తిరిగేలా కట్టు తయారుచేశారు. దాంతో దూకినా, తిరిగినా స్కీ పాదాన్ని వదల్లేదు.

తర్వాత చెక్క మీద దృష్టి పెట్టారు. పొడవు తగ్గించారు. కొసలు వెడల్పుగా, నడుము సన్నగా ఉండేలా చెక్కారు. ఇలాంటి స్కీని పక్కకు వంచితే దాని అంచు విల్లులా వంగి మంచును కోస్తుంది, మలుపు దానంతటదే తిరుగుతుంది. ఇవాళ షాపుల్లో అమ్మే స్కీల నడుము కూడా సన్నగానే ఉంటుంది, గమనించండి.

42 ఏళ్ల వయసులో...

1868లో రాజధాని క్రిస్టియానియాలో (ఇప్పటి ఓస్లో) పెద్ద పోటీ జరిగింది. సోండ్రేకు అప్పటికే 42 ఏళ్లు. దాదాపు 200 కిలోమీటర్లు స్కీల మీదే వెళ్లారని చెబుతారు. నగరం వాళ్లు ఎన్నడూ చూడని మలుపులతో, దూకుళ్లతో గెలిచారు. మోకాలు వంచి ఒక కాలు ముందుకు జరిపి తిరిగే పద్ధతికి ఆయన ప్రాంతం పేరే స్థిరపడింది: టెలిమార్క్ మలుపు. ఒలింపిక్స్‌లో వినే ‘స్లాలమ్’ అన్న మాట కూడా ఆ ప్రాంతపు యాసలోదే. వాలు, జాడ అనే రెండు మాటల కలయిక అది.

గెలుపు అన్నం పెట్టలేదు

ఇక్కడే అసలు విషయం ఉంది. ఇంత పేరొచ్చినా కుటుంబం గడవలేదు. 1884లో భార్యాబిడ్డలతో అమెరికా వలస వెళ్లారు. చివరకు స్థిరపడింది నార్త్ డకోటాలో. మన కోనసీమలాగే బల్లపరుపు నేల. కొండ లేదు, దూకడానికి బండ లేదు. 1897లో అక్కడే కన్నుమూశారు. దశాబ్దాల పాటు ఆ సమాధికి గుర్తు రాయి కూడా లేదు. కానీ 1952 ఓస్లో శీతకాల ఒలింపిక్స్ జ్యోతిని వెలిగించింది ఎక్కడో తెలుసా? మోర్గెడాల్‌లోని ఆయన ఇంటి పొయ్యిలో!

మరి మీ సంగతి?

ఆయనకు లేని దారులు ఇప్పుడు మీకున్నాయి. కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ నడిపే స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఉంది. ఉత్తరకాశీ, డార్జిలింగ్, మనాలీల్లో పర్వతారోహణ శిక్షణ ఇస్తున్నారు. శిక్షకులుగా, గైడ్లుగా, రెస్క్యూ బృందాల్లో పనిచేసేందుకు వీలుంది. ఒక్క మాట... చదును చేయని కొండ మీద హిమపాతం ప్రాణాలు తీస్తుంది. శిక్షణ లేకుండా, తోడు లేకుండా వెళ్లొద్దు.

ఆట మీద ఎంత ఇష్టమున్నా, బతుకుతెరువు లెక్క కూడా ముందే వేసుకోండి. ఇంట్లో వాళ్లతో మాట్లాడండి. కోర్సు ఫీజు, కాలం, దాని తర్వాత దొరికే పని... మూడూ కాగితం మీద రాయండి. ఆ పక్కనే మీ చేతిలో ఉన్న పనిముట్టులో ఏం మార్చగలరో కూడా రాయండి. సోండ్రే మొదలుపెట్టింది కాస్త చెట్టు వేరుతోనే కదా!