మేరీ కింగ్‌స్లే జాగ్రత్తలు

నేను ఒంటరిగా రైలెక్కుతున్నానంటే చాలు, అమ్మ తెలుగులో చెప్పిన జాగ్రత్తలన్నీ నాన్న మళ్ళీ తమిళంలో చెబుతారు. అందుకేనేమో, మేరీ కింగ్‌స్లే గురించి చదువుతున్నప్పుడు ఈవిడ ఎలా జాగ్రత్తపడిందా అనే ముందు వెతికాను.

మేరీ 1862లో లండన్‌లో పుట్టింది. తమ్ముడు కేంబ్రిడ్జిలో చదివాడు, ఆమెను మాత్రం బడికే పంపలేదు. నాన్నగారి పుస్తకాలే ఆమె చదువు. దాదాపు 30 ఏళ్ళు ఇంటిపనితో, జబ్బుపడ్డ అమ్మకు సేవతో గడిచాయి. 1892లో తల్లి, తండ్రి ఇద్దరూ కొద్ది వారాల తేడాలో పోయారు. మరుసటి ఏడాదే పశ్చిమ ఆఫ్రికాకు ఓడెక్కింది. అక్కడి జ్వరాలకు భయపడి తెలిసినవాళ్ళు వద్దన్నా ఆగలేదు.

రెండోసారి వెళ్ళినప్పుడు, 1895లో, గాబన్‌లో ఒగోవే నది మీద ప్రయాణం చేసింది. సైన్యంతో కాదు, వ్యాపారిలా వెళ్ళింది. గుడ్డలు, పొగాకు, చేపల గాలాలు ఇచ్చి కావలసినవి తీసుకునేది. ఎందుకొచ్చావని ఏ ఊళ్ళో అడిగినా అందరికీ అర్థమయ్యే జవాబు ఆమె దగ్గర ఉండేది. ఫాంగ్ జాతివాళ్ళు మనుషుల్ని తింటారని బయట పేరు. ఆమె మాత్రం ఫాంగ్ మనుషుల్నే తోడు తీసుకుని అడవి దాటింది.

ఒకసారి మొసలి పడవలోకి ఎక్కబోతే తెడ్డుతో మూతి మీద కొట్టింది. ఇంకోసారి జంతువులకోసం తవ్విన గోతిలో పడింది. అడుగున పదునైన కొయ్య మేకులు! మందపాటి లంగా వల్ల బతికింది. మగవాళ్ళ ప్యాంటు వేసుకోమన్న సలహా వినకపోవడమే మంచిదైంది.

అక్కడినుంచి ఆమె తెచ్చిన చేపల్లో మూడు రకాలకు ఆమె పేరే పెట్టారు. 1897లో వచ్చిన ఆమె పుస్తకాన్ని జనం బాగా చదివారు.

ఆమెలో నాకు నచ్చనివీ ఉన్నాయి. ఇంత తిరిగిన మనిషి ఆడవాళ్ళకు ఓటుహక్కు వద్దంది. ఆఫ్రికాలో బ్రిటిష్ వ్యాపారం పెరగాలనే కోరుకుంది. ఒంటరిగా తిరిగిందని అందరూ రాస్తారు గానీ, పడవ నడిపిన, దారి చూపిన ఆఫ్రికావాళ్ళు పక్కనే ఉన్నారు. వాళ్ళ పేర్లు మనలో ఎవరికి తెలుసు?

1900లో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధఖైదీలకు నర్సుగా సేవ చేస్తూ, టైఫాయిడ్ తగిలి 37 ఏళ్ళకే చనిపోయింది. ఆమె కోరినట్టే సముద్రంలో సాగనంపారు.

ఇదంతా అమ్మకు చెప్పాను. పూర్తిగా విని, రైలెక్కగానే పక్కసీటు ఆడవాళ్ళతో పరిచయం చేసుకోమని ఇంకో జాగ్రత్త కలిపింది. కాసేపటికి నాన్న కూడా అదే చెప్పారు, తమిళంలో.