వలసమాటలకు చోటిచ్చిన బ్రౌన్ దొర

కార్వాన్ వీధులలో నిత్యము తిరిగే మనము ఆ పేరు పారసీకమని మరచిపోతాము. ఇంగ్లీషు పదక్రీడలలో కనిపించే ‘క్యారవాన్’ ఈ మాటయే. ‘వ్యాన్’ దాని తునక. ఇట్టి వలసమాటలకు తెలుగు నిఘంటువులో చోటిచ్చిన మహనీయుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

1798లో కలకత్తాలో జన్మించిన ఆయన 1817లో మద్రాసునకు, 1820లో కడపకు వచ్చి తెలుగునకు వశులైనారు. పండితులకు సొంత జీతము నుండి జీతములిచ్చి అప్పులపాలైనారు. వేమన పద్యములను ఇంగ్లీషులోనికి తెచ్చినారు. ఇవి అందరెరిగినవే.

మనకు మరింత దగ్గరైనది 1854 నాటి మిశ్రభాషా నిఘంటువు. అంతకుముందే, 1852లో, కచేరీ వ్యవహారపు మాటలను రోమను లిపిలో ‘జిల్లా నిఘంటువు’గా కూర్చినారు. హుకుము, వకీలు, రసీదు, జమాబంది వంటివి రైతు నోట నిత్యము ఆడుచుండగా, పండితులు వాటిని అన్యదేశ్యములని దూరముంచిరి. అర్జీలో ఒక్క మాటను అపార్థము చేసికొన్నచో రైతు మడిచెక్క చేజారును! న్యాయాధికారిగా పనిచేసిన బ్రౌన్‌కు ఈ సంగతి పండితులకన్న బాగుగా తెలియునని మా అభిప్రాయము.

స్వదేశమునకు మరలి, లండనులో తెలుగు ఆచార్యులై, 1884 డిసెంబరు 12న కన్నుమూసినారు. కడపలో ఆయన బంగళా ఉండిన చోట నేడు ఆయన పేర గ్రంథాలయమున్నది.