కణశక్తిని కొలిచిన తెలుగు తేజం: యల్లాప్రగడ సుబ్బారావు

లోకానికి మహోపకారం చేసి, తమ పేరు మాత్రం మరుగున పడిపోయిన శాస్త్రజ్ఞులు కొందరున్నారు. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు అట్టివారిలో అగ్రగణ్యులు.

వారు 1895 జనవరి 12న భీమవరంలో ఒక పేద కుటుంబంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రవైద్య ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది.

తర్వాత అమెరికా చేరి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్క్‌తో కలిసి పరిశోధన సాగించారు. 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే సులభమైన పద్ధతిని వారిద్దరూ ప్రకటించారు. రక్తంలోని ఫాస్ఫేటును మాలిబ్డేటుతో కలిపి నీలివర్ణం తెప్పించి, ఆ ద్రవం గుండా కాంతిని పోనిచ్చి, రంగు గాఢతను బట్టి పరిమాణం లెక్కకట్టడమే ఆ పద్ధతి. దాని సాయంతోనే కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏ.టి.పి.ని 1929లో వెల్లడించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏ.టి.పి.ని వేరుగా కనుగొన్నారు. జీవకణం తన పనులకు వెచ్చించే శక్తి ముఖ్యంగా ఈ పదార్థం నుండే లభిస్తుంది.

ఈనాడు శాస్త్రజ్ఞులు కాంతితోనే కణాన్ని నడిపే ప్రయత్నంలో ఉన్నారు. మొక్కలలోని ఫైటోక్రోమ్ అనే ప్రొటీనును, దాని జోడు ప్రొటీనును ఇతర జీవకణాలలో ప్రవేశపెడుతున్నారు. ఎర్రని కాంతి సోకితే అవి జతకూడుతాయి. అంతకంటె దీర్ఘ తరంగాల కాంతి సోకితే విడిపోతాయి. అయితే కాంతి ఇక్కడ మీట మాత్రమే. మీట నొక్కిన పిమ్మట కణంలో సాగే అనేక కార్యాలకు ఏ.టి.పి.యే ఆధారం. నాడు కాంతితో కణాన్ని కొలిచారు. నేడు కాంతితో కణాన్ని శాసిస్తున్నారు.

ఇంత చేసినా హార్వర్డ్‌లో వారికి స్థిరమైన ఆచార్య పదవి లభించలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. తమ సోదరుని బలిగొన్న స్ప్రూ వ్యాధికి ఔషధమైన ఫోలిక్ ఆమ్లాన్ని వారి బృందం కృత్రిమంగా తయారుచేసింది. బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్, పసిపిల్లల రక్తక్యాన్సరుపై తొలిసారి పనిచేసిన అమినోప్టెరిన్ కూడా అక్కడివే. 1948 ఆగస్టులో, 53వ ఏట, వారు న్యూయార్క్‌లో కన్నుమూశారు. భారత ప్రభుత్వం 1995లో వారి స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసింది.

విద్యార్థినీ విద్యార్థులారా! చుక్క నీటిని సైతం లెక్కించి వాడుకొనే కరవు సీమ మన అనంతపురం. స్వల్పమైన దానిని శ్రద్ధగా కొలవడం ఎంత గొప్ప విద్యయో మనకు వేరుగా చెప్పనక్కరలేదు. పరీక్ష తప్పినవారు, పట్టా తక్కువైనవారు నిరాశ చెందక ఈ మహనీయుని జీవితాన్ని ఒకసారి తలచుకొందురు గాక!